సైకిల్‌కు మోటారు: సైడ్ మోటారా, హబ్ మోటారా, పెట్రోల్ ఇంజనా?

పాత సైకిల్‌కు మోటారు బిగించాలనుకునేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "ఎన్ని వాట్లది కొనాలి?" అని. అది చివర తేలే లెక్క. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో తిరిగే బండికి ముందు చూడాల్సింది బ్రేకులు. ఆ తర్వాత రోడ్డు, మోయాల్సిన బరువు. వీటన్నిటితో పాటు, చెడిపోతే మీ ఊళ్లో ఎవరు బాగుచేస్తారన్నది. ఈ నాలుగూ తేలితే ఏ మోటారు కొనాలో దానంతటదే తేలుతుంది. సైడ్ మోటారు అంటే ఫ్రేముకు బిగించి చైన్‌తో వెనక చక్రాన్ని తిప్పేది, హబ్ మోటారు అంటే చక్రం మధ్యలోనే ఉండేది.

ముందు మీ సైకిల్‌ను చూడండి

ఇంట్లో ఉన్నది పాత నల్ల సైకిలా (28 అంగుళాల చక్రం, రాడ్ బ్రేకులు), లేక 26 అంగుళాల లావు టైర్ల సైకిలా? సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

నల్ల సైకిల్ ఫ్రేము గట్టిది. రెండు బస్తాలు వేసినా వంగదు. కానీ దాని రాడ్ బ్రేకు రిమ్ముకు లోపలి వైపున ఆనుతుంది. రిమ్ము స్టీలుది, మీద పాలిష్ ఉంటుంది. వాన పడితే బ్రేకు పట్టడానికి చాలా దూరం తీసుకుంటుంది. తొక్కితే గంటకు పది పన్నెండు కిలోమీటర్లు పోయే బండి మోటారుతో ఇరవై అందుకుంటుంది. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే రబ్బర్లు మార్చి, రాడ్ల లూజు తీసి, రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూసేదాకా మోటారు జోలికి పోవద్దు. ముందు చక్రానికైనా కేబుల్ బ్రేకు వేయించుకోగలిగితే ఇంకా మంచిది. దానివల్ల ఇంకో లాభం ఉంది: కిట్‌తో వచ్చే బ్రేకు లివర్లలో మోటారు కరెంటును కట్ చేసే స్విచ్ ఉంటుంది, అవి కేబుల్ బ్రేకుకే పనికొస్తాయి. రాడ్ లివర్ దగ్గర ఆ స్విచ్ పెట్టాలంటే విడిగా చిన్న మైక్రోస్విచ్ తెచ్చి క్లిప్పుతో బిగించుకోవాలి.

26 అంగుళాల సైకిల్‌కు వీ-బ్రేకులో డిస్కులో ఉంటే ఈ తంటా తప్పుతుంది. అయితే వెనక క్యారేజీ నాసిరకంగా ఉంటుంది. బరువు మోయాలంటే దాన్ని వెల్డింగ్ షాపులో గట్టి చేయించుకోవాలి.

రోడ్డు, బరువు లెక్క

మిర్యాలగూడ, హాలియా వైపు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద నేల చదును. అక్కడ ఏ మోటారైనా పోతుంది. దేవరకొండ, కల్వకుర్తి వైపు రోడ్లు లేస్తూ దిగుతూ ఉంటాయి. మన్ననూరు దాటితే నల్లమల ఎత్తు.

మనిషి, సైకిల్, బ్యాటరీ కలిపి 110 కేజీలనుకోండి. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 220 వాట్లు కావాలి. వెనక ఇంకో 40 కేజీలు పడితే 300 దాటుతుంది. అంటే 250 వాట్ల మోటారు ఒక మనిషిని మామూలు ఎత్తు ఎక్కిస్తుంది. బస్తాతో ఎక్కాలంటే మీరూ తొక్కాల్సిందే. తొక్కకుండా థ్రాటిల్ (హ్యాండిల్ మీద వేగం పెంచే పిడి) తిప్పి పట్టుకుంటే బండి నెమ్మదించేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అందులో చాలా భాగం వేడిగా మారుతుంది. కాలిపోయిన మోటార్లలో చాలావరకు ఇలా ఎత్తుల మీద పోయినవే.

"అయితే 500 వాట్లది వేసుకుంటే పోలా?" అంటారు. ఇక్కడ చట్టం అడ్డొస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేని బ్యాటరీ బండి కావాలంటే మోటారు అరగంట సామర్థ్యం (అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి) 0.25 కిలోవాట్ (250 వాట్లు) లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేసిన బరువు 60 కేజీలకు మించకుండా ఉండాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. ఇవన్నీ టెస్టింగ్ ఏజెన్సీ చూసి ధ్రువీకరించాలని కూడా ఉంది. కంపెనీ బండ్లకు ఆ కాగితం ఉంటుంది, ఇంట్లో చేసుకున్నదానికి ఉండదు. అందుకని ఇంటి బండిని ఊరి రోడ్ల మీదే ఉంచండి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే మీదికో, జడ్చర్ల దగ్గర 44 మీదికో ఎక్కించకండి.

ఒక్క చూపులో

| చూడాల్సింది | సైడ్ మోటారు (చైన్) | గేర్ హబ్ మోటారు | పెట్రోల్ కిట్ |
|---|---|---|---|
| నల్ల సైకిల్‌కు సరిపోతుందా | బాగా | రిమ్ము మార్చాలి | ఫ్రేముకు సరిపోతుంది, బ్రేకులకు కాదు |
| ఎత్తు, బరువు | పళ్లు మార్చి సర్దుకోవచ్చు | మామూలు ఎత్తులకే | లాగుతుంది |
| చప్పుడు | గరగర | దాదాపు లేదు | ఊరంతా |
| బురద | చైన్ ఇరుక్కుంటుంది | పర్వాలేదు | చైన్ ఇరుక్కుంటుంది |
| ఊళ్లో రిపేరు | సైకిల్, వెల్డింగ్ షాపులు చాలు | తెలిసినవాళ్లు తక్కువ | టూవీలర్ మెకానిక్ చూడగలడు, సామాన్లు దొరకవు |
| కిట్ ధర (బ్యాటరీ కాకుండా) | తక్కువ | దానికంటే ఎక్కువ | మధ్యలో |
| రిజిస్ట్రేషన్ | పైన చెప్పిన హద్దుల్లో, ధ్రువీకరణ కాగితం ఉంటే అక్కరలేదు | అంతే | కావాలి, ఇంటి బండికి రాదు |

సైడ్ మోటారు

మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎంవై1016జడ్ రకం. 24 వోల్టులు, 250 వాట్లు, లోపల బ్రష్షులు, ముందు చిన్న గేర్ డబ్బా, దానికి 9 పళ్ల స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం). సైకిల్ చైనే దానికీ సరిపోతుంది. పూర్తి భారం మీద 13-14 ఆంపియర్లు లాగుతుంది. గేర్ డబ్బా బయటికొచ్చే వేగం నిమిషానికి 300 చుట్ల పైచిలుకు. వెనక 18 పళ్ల ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగేలా చేసే పళ్ల చక్రం) వేస్తే 26 అంగుళాల చక్రం మీద గంటకు 18-20 కిలోమీటర్లు వస్తుంది. 22 పళ్లది వేస్తే వేగం 15-16కు దిగుతుంది కానీ ఎత్తులో లాగే బలం ఇరవై శాతం పైన పెరుగుతుంది. కొన్ని వందల రూపాయల ఫ్రీవీల్ మార్చి బండి స్వభావాన్నే మార్చుకోవచ్చు. హబ్ మోటారులో ఈ వీలు లేదు. బస్తా మోసేవాళ్లకు సైడ్ మోటారే నయమనడానికి ఇదే పెద్ద కారణం.

బిగించే తీరు రెండు రకాలు. ఒకటి, కుడి వైపు పాత ఫ్రీవీల్ తీసేసి రెండు వరసల ఫ్రీవీల్ వేయడం: ఒక వరసకు పెడల్ చైన్, రెండో వరసకు మోటారు చైన్. ఇదే తేలిక. రెండోది, పెడల్ చైన్‌ను ముట్టుకోకుండా మోటారును ఎడమ వైపు వేయడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మామూలు ఫ్రీవీల్‌ను తెచ్చి ఎడమ వైపు హబ్బుకు మర తిప్పితే, మోటారు లాగిన కొద్దీ ఆ మర ఊడే వైపే తిరుగుతుంది. పైగా ఫ్రీవీల్ పట్టాల్సిన వైపు జారుతుంది, జారాల్సిన వైపు పడుతుంది. ఎడమ వైపు వేయాలంటే ఎడమ మర ఉన్న ఫ్రీవీల్, దానికి తగ్గ హబ్బు రెండూ కావాలి. అవి దొరకకపోతే కుడి వైపుకే రండి.

మోటారు పట్టీని ఫ్రేము కింది గొట్టానికి యూ-క్లాంపులతో బిగిస్తారు. ఒక్క క్లాంపు చాలదు. భారం పడగానే మోటారు తనను తాను వెనక చక్రం వైపు లాక్కుంటుంది, క్లాంపు గొట్టం మీద జారుతుంది, చైన్ వదులై ఊడిపోతుంది. వెల్డింగ్ షాపులో 25 మిల్లీమీటర్ల పట్టీ ముక్కతో మోటారు నుంచి సీటు గొట్టానికి అడ్డకడ్డీ వేయించండి. రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలో ఉన్నాయో లేదో సూటిగా ఉన్న కడ్డీ పెట్టి చూడాలి, రెండు మిల్లీమీటర్ల కంటే తేడా ఉండకూడదు. చైన్ మధ్యలో వేలితో నొక్కితే సెంటీమీటరు ఆడాలి. అంతకంటే బిగువుంటే గేర్ డబ్బా బేరింగు పోతుంది, వదులుంటే గుంతలో ఊడుతుంది.

దీనికి అసలు శత్రువు నల్లరేగడి. అలంపూర్, మక్తల్ వైపు వానాకాలం చేల బాటన పోతే బురద చైన్‌లో, మడ్‌గార్డులో నిండిపోతుంది. మోటారు తిరగలేక వేడెక్కుతుంది. ఎర్ర చల్క నేలల్లో ఈ బాధ లేదు, దుమ్ము ఒక్కటే. చైన్‌కు గ్రీసు పూస్తే దుమ్ము పట్టి ఇసుక కాగితంలా అరగదీస్తుంది. పల్చటి నూనె వేసి గుడ్డతో తుడిచేయండి.

బ్రష్షులు అరిగితే మోటారు ఆగి ఆగి తిరుగుతుంది. నీళ్ల మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపువాడు కొలతకు తగ్గ బ్రష్షు వేసి ఇస్తాడు. ఆ షాపు లేని మండల కేంద్రం ఉండదు.

హబ్ మోటారు

చక్రం మధ్యలోనే మోటారు. చైన్ లేదు, చప్పుడు లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 36 వోల్టుల 250 వాట్ల గేర్ హబ్ కొనండి. లోపల నైలాన్ గేర్లు ఉంటాయి, మోటారు ఆపినప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. గేర్ లేని పెద్ద హబ్బులు బరువెక్కువ, బ్యాటరీ అయిపోయాక తొక్కితే ఆయాసం. అవి మనకొద్దు.

నల్ల సైకిల్‌కు ఇది వేయాలనుకునేవాళ్లు చువ్వలు లెక్కపెట్టండి. ముందు 32, వెనక 40 ఉంటాయి. హబ్ మోటార్లకు ఎక్కువగా 36 రంధ్రాలుంటాయి. పాత రిమ్ముకు అది కూర్చోదు. 36 రంధ్రాల 28 అంగుళాల రిమ్ము వెతకడం కంటే 26 అంగుళాల సైకిల్ చూసుకోవడం తేలిక. హబ్బు చుట్టుకొలత పెద్దది కాబట్టి చువ్వలు కూడా పొట్టివి కావాలి. అందుకే చువ్వలు వేసి, బెండు తీసిన చక్రమే కొనండి, విడి మోటారు కొనకండి.

ముందు చక్రానికా, వెనక చక్రానికా? ముందుది బిగించడం గంట పని. కానీ మొరం రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అల్యూమినియం ఫోర్కుకు, షాక్ అబ్జార్బర్ల ఫోర్కుకు ముందు మోటారు అసలు వేయకూడదు. ఇరుసు కూర్చునే చోటు పగిలితే మనిషి ముందుకు బోర్లా పడతాడు. వెనక చక్రానికి వేయాలంటే ఇరుసు చోటు 135 మిల్లీమీటర్లు ఉండాలి, ముందే కొలవండి.

ఏ చక్రానికి వేసినా టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప పట్టీ) తప్పనిసరి. హబ్ మోటారు తిరిగేటప్పుడు దాని ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. నట్టు కొంచెం వదులైతే ఇరుసు గిర్రున తిరిగి దానిలోంచి వచ్చే వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. మూడు లావు వైర్లు ఒకదానికొకటి తగిలితే కంట్రోలర్ (మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే డబ్బా) కూడా పోతుంది. వంద కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించండి.

వానాకాలం చెరువు అలుగు పారే రోడ్డు దాటేటప్పుడు నీళ్లు ఇరుసు దాకా వస్తే బండి దిగి ఎత్తుకుని దాటండి. వైరు వచ్చే సందులోంచి నీళ్లు హబ్బులోకి పోతాయి, మోటారు తిరుగుడును పసిగట్టే లోపలి హాల్ సెన్సర్లు చెడతాయి. ఇరుసు నుంచి బయటికొచ్చిన వైరు కిందికి వంగి పైకి లేచేలా కట్టండి, నీటిచుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

పంచర్ అయితే చక్రం విప్పాలని భయపడుతుంటారు. మన పంచర్ షాపుల్లో చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క లేపి ట్యూబు లాగి అతుకు వేస్తారు కదా, అది దీనికీ కుదురుతుంది. ట్యూబు మార్చాల్సి వస్తేనే చిక్కు. సర్కారు తుమ్మ ముళ్లున్న బాటలైతే పాత ట్యూబును నిలువునా కోసి టైరు లోపల అస్తరుగా వేసుకోండి.

పెట్రోల్ కిట్, రోలర్

80 సీసీ అని చెప్పి అమ్మే రెండు స్ట్రోకుల కిట్లలో నిజంగా ఉండేది 48 లేదా 66 సీసీ. మోటారు వాహనాల చట్టంలో 25 సీసీ దాటని ఇంజనున్న చిన్న బండ్లకే మినహాయింపు ఉంది. ఈ కిట్లు, గడ్డి కోసే మిషన్ నుంచి తీసిన 43, 52 సీసీ ఇంజన్లు అన్నీ ఆ హద్దు దాటినవే. రిజిస్ట్రేషన్ రాదు కాబట్టి ఇన్సూరెన్స్ ఉండదు, ఎవరికైనా తగిలితే మీ ఆస్తి మీదికి వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, వెనక స్ప్రాకెట్‌ను చువ్వలకు రబ్బరు పెట్టి బిగించే పద్ధతితో చువ్వలు తెగుతుంటాయి. గంటకు 35 కిలోమీటర్లు పోయే బండిని రాడ్ బ్రేకుతో ఆపడం ఎవరి వల్లా కాదు. ఇది వద్దు.

టైరు మీద రోలర్ ఆనించి తిప్పే రకం చేయడం తేలికే. తడి టైరు మీద జారుతుంది, దుమ్ములో టైరును తినేస్తుంది. పిల్లల సైన్సు ప్రాజెక్టుకు బాగుంటుంది.

బ్యాటరీ: ఖర్చంతా ఇక్కడే

లిథియం బ్యాటరీ ఒక్కదానికే కిట్ అంత ఖర్చో, అంతకు మించో అవుతుంది. తొక్కకుండా పోతే కిలోమీటరుకు 15 వాట్ అవర్లు, కొంచెం తొక్కితే 10 లెక్కేసుకోండి.

24 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లెడ్ యాసిడ్ (12 వోల్టులవి రెండు) ఏడెనిమిది కేజీలు. కాగితం మీద 288 వాట్ అవర్లున్నా, ఇంత కరెంటు లాగితే చేతికొచ్చేది అందులో ముప్పాతిక కంటే తక్కువే. పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఖాళీ చేసి రెండు రోజులు అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ పేరుకుని (సల్ఫేషన్) చచ్చిపోతుంది.

అదే 24 వోల్టుల 12 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ దాదాపు మూడు కేజీలు. 300 వాట్ అవర్లు దాదాపు మొత్తం వస్తాయి, 20 కిలోమీటర్లు గ్యారంటీగా పోతుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం లిథియం ఇంకా తేలిక, కానీ వేడికి తొందరగా చెడుతుంది, చెడితే మంట ప్రమాదం ఎక్కువ. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మామూలు. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. చార్జింగ్ తెల్లవారుజామున పెట్టుకోండి, మంచం కిందా గడప దగ్గరా కాకుండా. ఈ వేడికి మా సలహా ఐరన్ ఫాస్ఫేటే.

చార్జరు బ్యాటరీకి తగ్గదే కావాలి. ఎనిమిది సెల్లుల ఐరన్ ఫాస్ఫేట్‌కు 29.2 వోల్టులు, పది సెల్లుల ఎన్‌ఎంసీకి 42 వోల్టులు. బీఎంఎస్ (సెల్లులను కాపాడే సర్క్యూట్) లేని ప్యాక్ ఎంత చవకైనా తీసుకోవద్దు. పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఏరి కట్టిన ప్యాకులు కూడా వద్దు, ఒక్క బలహీనమైన సెల్లు మొత్తాన్ని ముంచుతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. 24 వోల్టుల సైడ్ మోటారుకు 20 ఆంపియర్లది, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు 32 వోల్టుల వరకే. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42 ఉంటుంది కాబట్టి దానికి 58 వోల్టుల రకం తెప్పించుకోండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, కనెక్టర్లు, ఫ్యూజు హోల్డర్లు ఒకేచోట దొరుకుతాయి.

హ్యాండిల్ మీద చేతికందేలా ఒక ఆపే స్విచ్ తప్పక పెట్టండి. థ్రాటిల్‌కు మూడు సన్న వైర్లు. అందులో నల్లది తెగితే చవక కంట్రోలర్లు కొన్ని దాన్ని ఫుల్ థ్రాటిల్‌గా తీసుకుంటాయి. మీరు చెయ్యి తీసినా బండి పరుగెడుతుంది. బిగించాక మొదటిసారి చక్రం గాల్లో ఉండగా థ్రాటిల్ తిప్పి, బ్రేకు పట్టి, స్విచ్ కొట్టి మూడూ పనిచేస్తేనే కిందికి దించండి.

ఎవరికి ఏది

బాయికాడికి రోజుకు నాలుగైదు కిలోమీటర్లు పోయి వచ్చేవాళ్లకు, అప్పుడప్పుడు మందు బస్తానో గడ్డి మోపో తెచ్చేవాళ్లకు నల్ల సైకిల్, సైడ్ మోటారు, 20 లేదా 22 పళ్ల ఫ్రీవీల్. డబ్బు తక్కువైతే లెడ్ యాసిడ్‌తో మొదలుపెట్టి, అది పోయాక లిథియం వేసుకోవచ్చు. కంట్రోలర్ 24 వోల్టులదే కాబట్టి మార్చక్కర్లేదు, చార్జరు మాత్రం మార్చాలి. నల్లరేగడి చేల మధ్య ఉండేవాళ్లు వానాకాలం రెండు నెలలు మోటారు చైన్ విప్పేసి తొక్కుకోవడమే మేలు.

మహబూబ్‌నగర్, నల్గొండ టౌన్లలో కాలేజీకో, షాపుకో పోయేవాళ్లకు, బరువు లేనివాళ్లకు 26 అంగుళాల సైకిల్, వెనక హబ్ మోటారు, 36 వోల్టుల 10 ఏహెచ్ లిథియం. డాంబర్ రోడ్డు మీద 22-25 కిలోమీటర్లు హాయిగా పోతుంది. కొనేముందు ఆ అమ్మేవాడి దగ్గర విడిగా కంట్రోలర్, నైలాన్ గేర్లు దొరుకుతాయో లేదో అడగండి. దొరకవంటే వేరే షాపు చూసుకోండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చేయిస్తుంటే సైడ్ మోటారు గరగర కంటే హబ్బే నయం. థ్రాటిల్‌తో పాటు వేగం తగ్గించే మూడు దశల స్విచ్ ఉన్న కంట్రోలర్ తీసుకుని మొదటి దశలోనే ఉంచండి.

రోజూ రెండు పాల క్యాన్లు కట్టుకుని పాతిక కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం పై వాటిలో ఏదీ సరిపోదు. రెండు బ్యాటరీల ఖర్చు, ఏడాదికోసారి బ్రష్షులు, చైన్లు, చువ్వలు అన్నీ కలిపి చూస్తే కాగితాలున్న సెకండ్ హ్యాండ్ టీవీఎస్ ఎక్సెల్ చవక పడుతుంది.